ఊపిరి బొమ్మ చెప్పు సాక్ష్యము



మన ఊళ్లలో తగవు తీర్చుటకు కూర్చున్న పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్న యేది? "చూచినవా రెవరు?" అని. చూచితినని యొకడు ముందునకు వచ్చిన పిమ్మట గూడ వారు ఊరకుండరు. ఎచ్చటినుండి చూచితివి, ఎంత వెలుతురులో చూచితివి, నిన్న చెప్పిన మాటయే నేడును చెప్పుచున్నావా, అని గ్రుచ్చి గ్రుచ్చి అడుగుదురు. వైద్యశాలలో యంత్రము తీసిన బొమ్మ గూడ ఒక సాక్షియే. కాని దానిని మనమట్లు ప్రశ్నింపము. బొమ్మలో ఉన్నదన్నచో ఉన్నదనియు, లేదన్నచో లేదనియు తల వంచి అంగీకరింతుము. ఊపిరితిత్తుల విషయమున ఇటీవల దొరికిన యొక క్రొత్త సాక్షిని ఈ సాయంకాలము మీ యెదుట నిలిపి, దాని మాట ఎంతవరకు నమ్మదగినదో విచారింపదలచితిని.

ఈ విచారణకు నేను పూనుకొనుటకు మా యింటి కథయే కారణము. మా చిన్నాయన మిర్యాలగూడలో నొక రైసుమిల్లు బాయిలరు కడ ఇరువదిరెండు సంవత్సరములు పనిచేసెను. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములు వరిపొలములైనవి. వడ్లు పండినచోట మిల్లులు వెలసినవి. ఉప్పుడు బియ్యమునకు వడ్లను ఉడికింపవలయును. ఉడికించుటకు ఊకయే వంటచెఱకు. ఆ ఊక కాలగా మిగులు బూడిదలో అధికభాగము సిలికా, అనగా ఇసుకలోని పదార్థమే. చిన్నాయన ఊక ఎగదోసెడివాడు, బూడిద తోడెడివాడు. ముక్కునకు తువాలు చుట్టుకొనుట తప్ప వేరు కాపుదల యెఱుగడు.

ఏబదియవ యేడు దాటిన పిదప ఆయనకు ఆయాసము పట్టుకొన్నది. మెట్లు ఎక్కలేడు, మూట ఎత్తలేడు. నేను సూర్యాపేటలో సామాన్యశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడను గనుక ఇంటివారు నన్ను పిలిపించిరి. కోదాడలో నొకచోట ఎక్సురే తీయించితిమి. "బొమ్మ శుభ్రముగా ఉన్నది, ఏమియు లేదు" అనిరి. ఆ మాట మా యింట పిడుగువలె పనిచేసినది. రోగము లేదన్న సంతోషమునకు మారుగా, ఇతడు పని దొంగయను అనుమానము పుట్టినది. మిల్లువారు అనిరి, ఇరుగుపొరుగు వారు అనిరి, చెప్పుటకు సిగ్గగుచున్నది, నేనును అంటిని. అప్పుడాయన నా వంక చూచి, "బొమ్మను నమ్మినవు, నన్ను నమ్మకపోతివి బిడ్డా" అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

ఆ ఎక్సురే అబద్ధము చెప్పినదా? చెప్పలేదు. అది తన కగపడినది చెప్పినది. దాని కేమి అగపడదో మేము అడుగలేదు. తప్పు మాది.

1895లో జర్మనీ దేశమున రంట్జన్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఈ కిరణములు దేహమున దట్టమైన భాగముల నీడను చూపును. క్షయవలన కలిగిన మచ్చ, న్యుమోనియా వలన గట్టిపడిన భాగము, ఱొమ్ములో చేరిన నీరు, గడ్డ, ఇట్టివానిని పట్టుటలో అది గట్టి సాక్షి. కాని సన్నని గాలిగొట్టములు ఇఱుకైనప్పుడు, అందును ఆరంభదశలో, ఎక్సురే పలుమారులు మామూలుగనే యుండును. ఏలయనగా అది ఊపిరితిత్తి ఆకారమును చూపునే గాని, అందులో గాలి పోవుచున్నదో లేదో చూపదు.

ఇది మన కాలువల భాషలో చెప్పిన తేటపడును. ఊపిరితిత్తిని ఒక ఆయకట్టుగా భావింపుడు. కంఠనాళము పెద్దకాలువ. దానినుండి మేజర్లు, మైనర్లు, పిల్లకాలువలు చీలి చీలి కోట్లకొలది చిన్న చిన్న గాలిగదులను చేరును. ఆ గదులే మడులు. అక్కడనే గాలిలోని ప్రాణవాయువు నెత్తుటిలో దిగును. ఎక్సురే మిట్టమీద నిలుచుండి కట్టలను, గట్లను చూచినవాని వంటిది. కట్ట తెగలేదు, గట్టు కూలలేదు అని చెప్పును. చివరి మడికి నీరందినదా యని అడిగిన, దానికి తెలియదు.

తూము కడ నీటిని కొలుచు పద్ధతి వేఱొకటి కలదు. 1846లో జాన్ హచిన్సన్ అను ఆంగ్ల వైద్యుడు ఊపిరిని కొలుచు యంత్రమును గూర్చి ప్రకటించెను. రెండువేలమందికి పైగా జనుల ఊపిరిని ఆయన కొలిచెను. దాని సంతతియే నేటి స్పైరోమీటరు. నిండుగా గాలి పీల్చి, గొట్టములోనికి బలముగా ఊదవలయును. మొదటి సెకనులో ఎంత గాలి వచ్చెను, మొత్తము ఎంత వచ్చెను అని లెక్క కట్టుదురు. గొట్టములు ఇఱుకైనచో మొదటి సెకను పాలు తగ్గును. ఇది చౌకయైన పరీక్ష, మంచి పరీక్ష. కాని ఇది తూము కడ లెక్క మాత్రమే. మొత్తము నీరు తగ్గినదని చెప్పును. ఏ మడి ఎండినదో చెప్పదు. కొన్ని చివరి మడులు ఎండినను మొత్తములో తేడా కానరాకపోవచ్చును. రోగి బలముగా ఊదనిచో లెక్కయే తప్పును.

మడి మడికి పోయి చూచు సాక్షి కావలెనని శాస్త్రజ్ఞులు చిరకాలముగా కోరిరి. అట్లు దొరికినదే నేను చెప్పబోవు క్రొత్త సాక్షి.

ఎం.ఆర్.ఐ. యంత్రమును మీలో పలువురు ఎఱుగుదురు. మెదడునకు, వెన్నునకు, మోకాలికి ఆ బొమ్మలు తీయుచున్నారు. దాని మూలపురుషులైన లాటర్బర్, మాన్స్‌ఫీల్డ్ అను నిద్దరికి 2003లో నోబెల్ బహుమానము లభించినది. ఎక్సురే కిరణములతో దీనికి పని లేదు. బలమైన అయస్కాంతములో మనిషిని పరుండబెట్టి, రేడియో తరంగములను పంపి, దేహములోని నీటియందున్న హైడ్రోజను పరమాణువుల కేంద్రకములచేత మారు పలికింతురు. ఆ పలుకులనుండి బొమ్మ పుట్టును. ఊపిరితిత్తిలో ఉన్నదంతయు గాలి, నీరు తక్కువ. కావున అచ్చట మారు పలుకువారు కొఱవడి బొమ్మ నల్లగా వచ్చును.

అట్లయిన గాలినే పలికింపరాదా? ఇక్కడ ఒక చిక్కు కలదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరను తలచుకొనుడు. లక్షలమంది తలకొక మాట మాటలాడుచుండగా దూరమునుండి వినువానికి హోరు తప్ప మాట వినబడదు. అందఱును ఒక్కసారిగా "ఓ లింగా" అనిరా, ఆమడ దూరము వినబడును. వాయువులోని కేంద్రకములు మామూలుగా తలకొక దిక్కు చూచుచుండును. ఒక దిక్కునకు తిరిగినవారి మిగులు పదిలక్షలకు కొన్ని మాత్రమే. అందుచేత వాని గొంతు యంత్రమునకు వినబడదు. వానిచే ఒక్క గొంతుగా పలికించు ఉపాయము లేజరు వెలుతురులో దొరికినది. రుబీడియమను లోహపు ఆవిరికి లేజరు వెలుతురు పట్టింతురు. ఆ లోహము వెలుతురునుండి తాను నేర్చిన క్రమమును ప్రక్కనున్న వాయువునకు నేర్పును. అప్పుడు ఆ వాయువు గొంతు వేలరెట్లు, పదివేలరెట్లు హెచ్చును. వెలుతురుతో పరమాణువులను ఇట్లు క్రమపఱచు విద్యకు పునాది వేసిన కాస్ట్లర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞునికి 1966లో నోబెల్ బహుమానము నిచ్చిరి.

ఆ వాయువు పేరు జెనాన్. 1898లో రామ్సే, ట్రావర్స్ అనువారు దీనిని గాలినుండి వేఱుచేసి కనుగొనిరి. గ్రీకు భాషలో ఆ పేరునకు పరదేశి యని అర్థము. మనము పీల్చు గాలిలో ఇదివఱకే యున్నది. కాని కోటి పాళ్ల గాలిలో ఒక పాలు గూడ లేదు. 1994లో ఎలుక ఊపిరితిత్తులను దీనితో చిత్రించిరి. 1996 నాటికి మనుష్యుల ఊపిరితిత్తుల చిత్రములు వెలువడినవి. కాని అప్పుడు వాడినది హీలియము మూడు అను మఱియొక అరుదైన వాయువు. అది తరువాత దొరకుట దుర్లభమై, వెల పెరిగి, పరిశోధకులు జెనాన్ వైపునకే మరలిరి. 2022 డిసెంబరులో అమెరికా దేశపు ఔషధశాఖ పండ్రెండు సంవత్సరములు, అంతకు పైబడిన వయస్సు గలవారికి దీనిని అనుమతించినది. అమెరికా, కెనడా, ఇంగ్లండు మున్నగు దేశములలోని కొన్ని కేంద్రములలో దీనిని వాడుచున్నారు.

పరీక్ష జరుగు విధము సులభము. క్రమపఱచిన వాయువును సంచిలో నింపి యిత్తురు. రోగి యంత్రములో పరుండి, ఆ వాయువును పీల్చి, పది పదునైదు సెకనులు ఊపిరి బిగబట్టును. ఆ లోపలనే బొమ్మ ముగియవలయును. ఏలయనగా ఊపిరితిత్తిలోని ప్రాణవాయువు తగిలిన వెంటనే జెనాన్ నేర్చిన క్రమము చెదరసాగును. అర నిమిషములోనే ఆ గొంతు చాలవరకు సన్నగిలును. వాయువు పోయినచోట వెలుగు, పోనిచోట చీకటి. ఎండిన మడి ఏదియో ఈ విధమున కంటికి కనబడును. ఇంకొక విశేషము: జెనాన్ గాలిగది గోడలో దిగినప్పుడు ఒక స్వరమున, నెత్తుటి కణములలో చేరినప్పుడు మఱియొక స్వరమున పలుకును. కావున నీరు మడికి చేరినదా యనుటయే గాక, పైరు వేళ్లకు ఇంకినదా యనునది గూడ తెలిసికొనవచ్చును.

ఇక విచారణకు వత్తము. మొదటి ప్రశ్న: ఈ సాక్షి రెండుమారులు అడిగిన ఒకే మాట చెప్పునా? ఒకే మనిషిని స్వల్ప వ్యవధిలో రెండుమారులు చిత్రించి చూచిన పరిశోధనలు పెక్కు జరిగినవి. చీకటిభాగము మొత్తము ఊపిరితిత్తిలో నూటికి ఎంత యను లెక్క రెండుమారులును చాలవరకు సరిపోయినది. కాని ఒక నియమము కలదు. తూము రెండడుగులు ఎత్తిననాడు తడిసిన మడులకును, అడుగెత్తిననాడు తడిసిన మడులకును తేడా యుండదా? అట్లే, రోగి ఎక్కువ పీల్చినచో చీకటి తగ్గును. తక్కువ పీల్చినచో హెచ్చును. అందుచేతనే వాయువును మనిషి ఎత్తునుబట్టి, ఊపిరితిత్తి పరిమాణమునుబట్టి కొలిచి యిత్తురు. ఈ నియమము తప్పి తీసిన రెండు బొమ్మలను పోల్చి, రోగము ముదిరినదనియో తగ్గినదనియో చెప్పుట అన్యాయము.

ఉబ్బసమువారి విషయమున మఱియొక మెలకువ కావలెను. వారి గొట్టములు దినదినమునకు బిగిసి వదలుచుండును. నేటి చీకటి రేపు వేఱొకచోటికి పోవచ్చును. కొన్ని చీకట్లు మాత్రము అచ్చటనే నిలిచియుండును. అప్పుడు మాట మారినది సాక్షిది కాదు, సంగతియే మారినది. ఈ రెంటి భేదమును గ్రహింపనివాడు న్యాయము చెప్పలేడు.

రెండవ ప్రశ్న: వేఱొక సాక్షి మాటతో ఇది కలియునా? 2022 నాటి అనుమతికి ముందు రెండు పరీక్షలు జరిపిరి. ఒకటి ఊపిరితిత్తిలో కొంత భాగము కోసి తీయవలసిన రోగులపై. రెండవది ఊపిరితిత్తి మార్పిడికి సిద్ధమగుచున్నవారిపై. రేడియో ధార్మికత గల జెనాన్‌తో తీయు పాత పద్ధతి బొమ్మను, ఈ క్రొత్త బొమ్మను ప్రక్క ప్రక్కన నిలిపి చూచిరి. ముందుగా ఏర్పఱచుకొన్న హద్దులలో రెండును ఏకీభవించినవి. ఇది చిన్న సంగతి కాదు. అయినను, వారు అడిగిన ప్రశ్న ఊపిరితిత్తిలో ఏ భాగమునకు ఎంత గాలి పోవుచున్నది యనునదే. ఆ ప్రశ్నకు నమ్మదగిన సాక్షి యని తేలినంత మాత్రమున, లోకములోని ప్రతి ప్రశ్నకు నమ్మదగినదని కాదు. ఊపిరితిత్తిలో నెత్తురు ప్రవహించు తీరును చూచుటకు దీనిని పరీక్షింపలేదని ఆ అనుమతి పత్రముననే వ్రాసియున్నది. తన హద్దు తాను చెప్పుకొన్న సాక్షిని మనము మెచ్చుకొనవలయును.

మూడవ ప్రశ్న: తీర్పు చెప్పువా రెవరు? బొమ్మలో తెలుపునకు నలుపునకు నడుమ బూడిదరంగు ఎంతయో యున్నది. ఎంత మసకయైన దానిని చీకటిగా లెక్కింపవలెను? మడిలో మడమ మునిగిన తడిసినట్లా, వ్రేలు తడిసిన తడిసినట్లా? ఒక్కొక్క కేంద్రమువారు ఒక్కొక్క రీతిని లెక్క కట్టినచో, ఒకే బొమ్మకు రెండు అంకెలు వచ్చును. యంత్రము చుట్టునున్న తీగచుట్ట కొన్నిచోట్ల బలముగా, కొన్నిచోట్ల బలహీనముగా వినుట వలన గూడ లేని చీకటి కలుగవచ్చును, దానిని సవరింపవలెను. అందుచేతనే వేర్వేరు కేంద్రములవారు కూడి, బొమ్మ తీయు పద్ధతికిని లెక్క కట్టు పద్ధతికిని ఒక సమానమైన కొలబద్ద నేర్పఱచుటకు పాటుపడుచున్నారు. ఊరికొక మానిక యున్న సంతలో న్యాయమైన బేరము జరుగదని మన కెఱుకయే గదా.

నాల్గవ ప్రశ్న: ఈ సాక్షికి తెలియని దేమి? చీకటి ఉన్నదని చెప్పునే గాని ఎందుచేత నని చెప్పలేదు. ఉబ్బసము, పొగచే చెడిన ఊపిరితిత్తి, కఫము అడ్డుపడుట, అన్నియు చీకటినే చూపును. రోగము లేని వృద్ధులలో గూడ కొంత చీకటి కానవచ్చును. కావున డెబ్బది యేండ్లవాని బొమ్మను ఇరువది యేండ్లవాని బొమ్మతో పోల్చరాదు. ఊపిరి బిగబట్టలేనివాడు, దేహములో కొన్ని విధముల లోహపు సాధనములు గలవాడు ఈ పరీక్షకు తగడు. జెనాన్ అధికముగా పీల్చినచో మత్తు కలిగించును. పరీక్షకిచ్చు కొలదిలో కొందఱికి కొంచెము తలతిరుగుట, తలనొప్పి, గొంతునొప్పి కలుగుటయు కద్దు. కావున ప్రాణవాయువు పాలును కనిపెట్టుచు పరీక్ష జరుపుదురు.

ఇన్ని హద్దులున్న సాక్షిని మీ యెదుట ఏల నిలిపితినందురేమో. 2021లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు ప్రకటించిన యొక సంగతిని వినుడు. కోవిడ్ వలన వైద్యశాలలో చేరి, ఇంటికి వచ్చి, మూడు నెలలైనను ఆయాసము తీరని తొమ్మండుగురు రోగులను వారు పరీక్షించిరి. సి.టి. బొమ్మలలో విశేషము లేకుండెను, లేదా స్వల్పముగా నుండెను. జెనాన్ బొమ్మలో మాత్రము గాలిగదులనుండి నెత్తుటిలోనికి వాయువు దిగుటలో లోపము కనబడినది. తొమ్మండుగురితో లోకమునకంతకు తీర్పు చెప్పరాదు. ఆ పరిశోధకులును ఇది తొలిఫలితమనియే చెప్పిరి. కాని ఒక మాట మాత్రము దృఢపడినది. "నాకు ఊపిరి ఆడుటలేదు" అన్న మనిషి మాటకును, "ఏమియు లేదు" అన్న బొమ్మ మాటకును తగవు వచ్చినప్పుడు, మనిషి అబద్ధమాడుచున్నాడని తేల్చుటకు బొమ్మ చాలదు.

మా చిన్నాయన సంగతి ముగింపవలెను. రెండేండ్ల పిమ్మట హైదరాబాదునకు తీసికొనిపోయితిని. అచ్చటి వైద్యుడు మొదట ఎక్సురే అడుగలేదు. ఏ పని చేసితివి, ఎన్నేండ్లు చేసితివి, చుట్ట త్రాగుదువా, ఇంట ఏ పొయ్యి యున్నది, అని అడిగెను. పిదప గొట్టములోనికి ఊదుమనెను. పావుగంటలో గాలిగొట్టములు ఇఱుకైనవని తేలినది. జెనాన్ అక్కఱలేకపోయినది. అంత చిన్న పరీక్షకు మేము రెండేండ్లు ఆలస్యము చేసితిమి. ఆ రెండేండ్లును ఆయన బాయిలరు కడనే యుండెను. పోయిన ఊపిరి తిరిగి రాలేదు. మందు పీల్చుచు, కాలువగట్టు వఱకు మెల్లగా నడచి వచ్చుచున్నాడు. నన్నెప్పుడును తప్పుపట్టలేదు. అదియే నాకు బరువు.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ ఊరిలో ఎవరైన ఆయాసమని చెప్పినచో, ఎక్సురే బాగున్నదన్న కారణమున వానిని త్రోసివేయకుడు. ఊది చూపు పరీక్ష జరిగినదా యని అడుగుడు. రెండు వారములు దాటి దగ్గున్నచో కఫము పరీక్ష చేయింపుడు. ప్రభుత్వ వైద్యశాలలలో దానికి రుసుము లేదు. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల నెలకొన్నది; వైద్యుల సలహా మునుపటికంటె చేరువైనది. వైద్యుని కడకు పోయినప్పుడు, మిల్లులోనో, రాతిగనిలోనో, సిమెంటు పనిలోనో ఎన్నేండ్లు దుమ్ము పీల్చినది తప్పక చెప్పుడు. చుట్ట, బీడీ మానిపింపుడు. మిల్లు యజమానులతో మాట చెల్లుబడి గల పెద్దలు, బూడిద తోడుచోట నీరు చల్లించుటకును, పనివారికి తగిన ముసుగు లిప్పించుటకును పూనుకొనుడు. దూరదేశపు క్రొత్త యంత్రము పేరు విని, దానికై పొలము అమ్ముకొనుట మాత్రము వలదు.

ఆ యంత్రము ఒకనాడు మన ప్రాంతమునకును రావచ్చును. వచ్చిననాడు దానిని భయముతో గాని మూఢభక్తితో గాని చూడకుడు. రచ్చబండపై సాక్షిని అడిగినట్లు అడుగుడు: నీవు చూచిన దేమి, నీకు కనబడని దేమి, మరల అడిగిన ఇదే మాట చెప్పుదువా? ఆ పరీక్షలో నిలిచినంతవఱకు దాని మాట నమ్ముడు. అయితే ఊపిరి యాడనివాని మాటను వినుట మాత్రము ఆ విచారణకు ముందే జరుగవలయును.

ఇంతటితో విరమించుచున్నాను. సెలవు.